మిర్చి ఘాటు మీదకు నెట్టేసిన దగ్గు

గుంటూరు, ప్రకాశం నల్లరేగడి పల్లెల్లో దగ్గుకు కారణం వెతుక్కోనక్కర్లేదు. ఎండుమిర్చి కల్లాల్లో తాలుకాయలు ఏరే ఆడవాళ్లు ముక్కుకు గుడ్డ చుట్టుకునే కూర్చుంటారు. మిర్చి యార్డులో బస్తాలు దించే హమాలీకి ఘాటు, జిన్నింగు మిల్లు కూలీకి దూది నుసి, ఇవి చాలనట్టు బీడీ, పొయ్యి పొగ. ఇలాంటి చోట నెలల తరబడి దగ్గే మనిషి ఆసుపత్రికొస్తే, చేసే పనిని బట్టే రోగం ఖాయమైపోతుంది. ఘాటు పడలేదంటారు, లేదా ఆస్తమా అంటారు, అదీ కాకపోతే క్షయ. చాలాసార్లు అది నిజమే. కానీ కొన్ని దగ్గుల వెనక ఊపిరిగొట్టంలో ఇరుక్కున్న వస్తువు ఉంటుంది. కోడి ఎముక ముక్క, వక్క, చింతగింజ, మిరపకాయ తునక, ఊడిపోయిన కట్టుడు పన్ను, ఇలా ఏదైనా కావచ్చు. పసిపిల్లల్లో డాక్టర్లకు వెంటనే వచ్చే ఈ అనుమానం పెద్దవాళ్ల దగ్గర రావడం లేదు. అనుమానించడానికి ఓపీలో ఒక్క ప్రశ్న చాలు, ఆ ప్రశ్న తప్పనిసరి చేయాలన్నది నా వాదన.

పెద్దవాళ్లలో ఇది ఎందుకు దాగిపోతుందో చూడండి. తింటూ నవ్వినా మాట్లాడినా పొలమారుతుంది. పక్కనున్నవాళ్లు నెత్తిన తట్టి, ఎవరో తలుచుకుంటున్నారని చెప్పి మంచినీళ్లిస్తారు. (మాట రాక, దగ్గలేక గిలగిల్లాడే మనిషికి ఆ నీళ్లు పోయకూడదు. ముందుకు వంచి వీపుపై రెండు భుజాల మధ్య ఐదు గట్టి దెబ్బలు, అప్పటికీ రాకపోతే వెనకనుంచి పట్టుకుని బొడ్డు పైభాగాన లోపలికీ పైకీ ఐదుసార్లు నొక్కాలి. గర్భిణులకైతే పొట్ట మీద కాకుండా రొమ్ము ఎముక మీద.) పెద్దవాళ్ల గాలిగొట్టం వెడల్పు గనక చిన్న వస్తువు అక్కడ అడ్డుపడకుండా కిందికి జారి ఒక శాఖలో కూర్చుంటుంది. కుడి శాఖ ఎక్కువ వెడల్పుగా, నిటారుగా ఉంటుంది కాబట్టి ఎక్కువసార్లు అటే. రెండో ఊపిరితిత్తి పని నెట్టుకొస్తుంది, దగ్గు తెర తగ్గుతుంది, మనిషి ఆ సంగతే మరిచిపోతాడు. లోపల వక్కా గింజా తేమకు ఉబ్బుతాయి. వేరుశనగలోని నూనె, మిరపలోని కారం లోపలి పొరను రేపుతాయి, వస్తువు చుట్టూ కండ పెరుగుతుంది. వారాలకో నెలలకో, కొందరిలో ఏళ్లకో, ఒకేచోట మళ్లీ మళ్లీ న్యుమోనియా వస్తుంది. ఒక పక్కే పిల్లికూతలు, కళ్లెలో నెత్తుటి చార. ఎక్స్‌రేలో గింజ గానీ వక్క గానీ ప్లాస్టిక్ పన్ను గానీ కనిపించవు. అవి తెచ్చిపెట్టిన నీడ మాత్రమే పడుతుంది. ఆ నీడను క్షయ అనుకోవచ్చు, క్యాన్సర్ గడ్డ అనీ భయపడొచ్చు.

ఇలా ఇరుక్కున్నదాన్ని గొట్టం దించి చూసి బయటికి తీసే బ్రాంకోస్కోపీ అనే విద్య పుట్టిందే ఒక పెద్దవయసు రైతు కోసం. 1897లో జర్మనీలోని ఫ్రైబుర్గ్‌లో గుస్తావ్ కిలియన్ అనే వైద్యుడు 63 ఏళ్ల రైతు గాలిగొట్టంలోకి లోహపు గొట్టం దించి, లోపల ఇరుక్కున్న పంది ఎముక ముక్కను బయటికి లాగాడు. 1960ల్లో జపాన్ వైద్యుడు షిగెతో ఇకెదా వంగే గొట్టం తయారుచేశాక ఆ పని ఎంతో తేలికైంది. పనిముట్టు ఉంది, దాన్ని ఎవరికి వాడాలో తేల్చే అనుమానమే లేదు.

ఇది అరుదైన సంగతి, వందలమంది నిలబడే ఓపీలో దీనికి తీరికెక్కడిదని డాక్టర్లు అడగొచ్చు. అరుదే, ఒప్పుకుంటాను. అందరికీ గొట్టం వేయమని నేననడం లేదు. "దగ్గు మొదలయ్యే ముందు ఎప్పుడైనా గట్టిగా పొలమారిందా?" అని అడగడానికి అర నిమిషం చాలు. రోగికి గుర్తుండదు కదా అంటారు. అందుకే ఇంట్లోవాళ్లనూ అడగాలి. మందు తాగుతూ మాంసం నంజుకునే అలవాటు, పక్షవాతం, మూర్ఛ, నిద్రమాత్రలు, వదులైన కట్టుడు పళ్లు, చీర కట్టుకుంటూ పిన్నీసు పళ్ల మధ్య పట్టుకోవడం, వీటిలో ఏ ఒక్కటున్నా అనుమానం బలపడాలి.

ఇంతకంటే గట్టి అభ్యంతరం క్షయ గురించి. మన దేశంలో క్షయను వదిలేయడం కంటే పెద్ద తప్పు లేదు, ఆ మాటా నిజమే. రెండు వారాలు మించిన దగ్గుకు కళ్లె పరీక్షే ముందు జరగాలి. నా ప్రశ్న ఆ తర్వాతి మెట్టుది. కళ్లెలో క్రిమి దొరకకపోయినా ఎక్స్‌రే, లక్షణాలు చూసి ఆరు నెలల మందు మొదలుపెట్టే వీలు వైద్యులకుంది. ఆ వీలు అవసరమే. కానీ ఆ చీటీ రాసేముందు, నీడ ఒకేచోట ఉండి యాంటీబయాటిక్స్‌కూ కరగకపోతే, సీటీ స్కాన్‌కు, బ్రాంకోస్కోపీకి గుంటూరు జీజీహెచ్, మంగళగిరి ఎయిమ్స్ లాంటి పెద్దాసుపత్రులకు పంపాలి.

దగ్గుకు కారణం దూది నుసి కాదని తప్పించుకోవడానికి ఈ వాదన మిల్లు యజమానులకు సాకుగా మారుతుందేమోనన్న భయం కూడా కొట్టిపారేయదగింది కాదు. దూది నుసి తెచ్చే బిస్సినోసిస్ చట్టప్రకారం ప్రభుత్వానికి తెలియజేయాల్సిన జబ్బు. సెలవు తర్వాత పనిలోకి దిగిన మొదటి రోజే ఛాతీ బిగదీయడం దాని గుర్తు, అది రెండు ఊపిరితిత్తులనూ పట్టుకుంటుంది. ఇరుక్కున్న వస్తువు సాధారణంగా ఒక పక్కనే బాధిస్తుంది, ఆదివారం సెలవు దానికి లెక్కలేదు. రెంటినీ విడదీసి రాస్తే నుసి జబ్బు లెక్క కూడా నిక్కచ్చిగా తేలుతుంది, కూలీ నష్టపరిహారం అడగడానికి ఆధారం దొరుకుతుంది. అన్నీ "ఘాటు పడలేదు" అనే ఖాతాలో కలిపేస్తేనే మిల్లుకు లాభం.

ఓపీ చీటీలో ఈ ప్రశ్నకు ఒక గడి చేర్చాలని జిల్లా వైద్యాధికారులను కోరుతున్నాను. అంతదాకా, మందులు వాడినా తగ్గని దగ్గుతో బాధపడేవారు డాక్టరు అడగకపోయినా పొలమారిన సంగతి తామే చెప్పాలి. క్షయ మందులు వాడుతున్నవారు మాత్రం డాక్టరును అడగకుండా ఒక్క మాత్ర కూడా ఆపకూడదు.