పడిపోయే హీరో కావాలి

తొంభైల్లో నంద్యాల లాంటి పట్టణాల్లో పిల్లల వేసవి సెలవులు వీడియో గేమ్ షాపుల్లోనే గడిచేవి. గంటకు ఇంతని బాడుగ. టీవీకి తగిలించిన డబ్బా మీద ‘మీడియా’ అనో ‘లిటిల్ మాస్టర్’ అనో రాసి ఉండేది. అది నింటెండో యంత్రానికి నకలని ఆడే పిల్లల్లో ఎందరికి తెలుసు? ఆట ఆగిపోతే క్యాసెట్ ఊడదీసి, పిన్నుల మీద నోటితో గట్టిగా ఊది, మళ్లీ నొక్కేవాళ్లు. పైన వందల ఆటలని అచ్చేసినా లోపల అవే పదీ ఇరవై తిరిగి తిరిగి వచ్చేవి. వాటిలో మారియో మాత్రం తప్పకుండా ఉండేవాడు.

అదే కాలంలో అమెరికాలో నింటెండోకు చెమటలు పట్టించిన సెగా కంపెనీ బొమ్మ సోనిక్ ఇక్కడ చాలామందికి తెలియనే తెలియదు. ఇందులో అభిమానం ప్రమేయమేమీ లేదు. నింటెండో 8 బిట్ యంత్రానికి నకలు చవగ్గా వచ్చింది, సెగా 16 బిట్ యంత్రం మధ్యతరగతి జేబుకు అందలేదు, అంతే. అక్కడ కోట్ల డాలర్లు పోసి చేసిన యుద్ధాన్ని ఇక్కడ నకళ్లే తేల్చేశాయి.

ఆ యుద్ధంలో బొమ్మలకు అంత ప్రాముఖ్యం ఎందుకొచ్చిందో చూడాలి. మారియో 1981లో ‘డాంకీ కాంగ్’ ఆటలో పుట్టాడు. అప్పటి తెర మీద నోరు గీసే వీలు లేక మీసం పెట్టారు, జుట్టుతో తంటా ఎందుకని టోపీ పెట్టారు. 1985లో ‘సూపర్ మారియో బ్రదర్స్’తో ప్రపంచానికి చుట్టమైపోయాడు. సెగా అలెక్స్ కిడ్ అనే కుర్రాణ్ణి నిలబెట్టి చూసింది, నిలవలేదు. 1991లో సోనిక్‌ను దింపింది. కంపెనీ లోగో నీలమే వాడి ఒంటి రంగు, మారియోకు జవాబుగా వాడి చేతికిచ్చిన ఆయుధం వేగం. అమెరికాలో సెగాను నడిపిన టామ్ కాలిన్‌స్కీ యంత్రం ధర తగ్గించి, దానితోపాటే సోనిక్ ఆటనూ చేతిలో పెట్టాడు. నింటెండో కోట కదిలింది.

పదేళ్లలో కథ తిరగబడింది. 2001లో సెగా ఇళ్లలో ఆడుకునే యంత్రాల తయారీకే స్వస్తి పలికింది. ఆ ఏడాదే సోనిక్ నింటెండో యంత్రం మీద దూకడం మొదలుపెట్టాడు. కంపెనీ ఓడినా బొమ్మ బతికి, ఇప్పటికీ యజమానికి సంపాదించి పెడుతోంది. ప్లేస్టేషన్ తయారుచేసే సోనీ అనుభవం వేరు. తన ముఖంగా ఊరేగించిన క్రాష్ బ్యాండికూట్ సొంత సొత్తు కాదు. చేతులు మారి మారి ఆ బొమ్మ చివరికి ప్రత్యర్థి మైక్రోసాఫ్ట్ ఇంట చేరింది.

మన సంగతికొద్దాం. 2009లో హైదరాబాద్‌లోని ఆరోనా టెక్నాలజీస్ సోనీ ప్లేస్టేషన్ 2 కోసం ‘హనుమాన్: బాయ్ వారియర్’ తయారుచేసింది. దేవుణ్ణి జాయ్‌స్టిక్‌తో ఆడించడమేమిటని అమెరికాలోని హిందూ నాయకులు అభ్యంతరం చెప్పారు. ఆ ఆట నిలవలేదు. అభ్యంతరాన్ని చాదస్తమని కొట్టిపారేయడం తేలికే గానీ, అందులో ఆటకు సంబంధించిన అసలు చిక్కు ఉంది. మారియో గోతిలో పడతాడు, చస్తాడు, మళ్లీ లేస్తాడు. ఆటలో మజా అంతా ఆ పడటంలోనే. ఆంజనేయస్వామి గోతిలో పడితే చూసే భక్తుడు మనకెక్కడ దొరుకుతాడు? పైగా దేవుడు అందరివాడు, ఏ కంపెనీకీ సొంతం కాడు. అహోబిలం నరసింహుడికైనా, మహానంది నందికైనా ఇదే చిక్కు. హైదరాబాద్‌కే చెందిన గ్రీన్ గోల్డ్ సంస్థ ఇది గ్రహించింది. భీముడి పేరు, బలం తీసుకుని ఢోలక్‌పూర్ పిల్లాడికిచ్చింది. అయితే ఛోటా భీమ్ టీవీ బిడ్డ, అతని ఆటలు ఆ పేరు మీద బతికే అనుబంధ సరుకు. ఇవాళ మన కుర్రాళ్ల ఫోన్లలోని తుపాకీ ఆటలేమో కొరియావి, సింగపూర్‌వి.

మనకు లేనిది సొంత కల్పన, దాన్ని ఏళ్ల తరబడి మోసే ఓపిక. చేతులకు కొదవలేదు. ఆళ్లగడ్డలో శిల్పుల షెడ్ల ముందు నిలబడితే సగం చెక్కిన నంది మూపురం మీద కొలత గీతలు కనిపిస్తాయి, పక్కనే రాతిదుమ్ములో నాయకుల నిలువెత్తు విగ్రహాలు. ముఖం పొడుగే కొలమానంగా ఒళ్లంతా లెక్కగట్టే తాలమానం వీళ్ల విద్య. ఏ వైపు నుంచి చూసినా అదే మూర్తి అనిపించాలి. త్రీడీ బొమ్మకు కావలసిందీ అదే. నల్లమల పక్కనే ఉంది, జంతువుల కోసం వెతుక్కోనక్కర్లేదు. (అలుగు వద్దులెండి, సోనిక్ లాగే బంతిలా చుట్టుకుంటుంది, వాడికి నకలంటారు.) ఎలుగుబంటి పిల్ల అయితే భేషుగ్గా పడి లేస్తుంది.

హైదరాబాద్ స్టూడియోలకు ఒక మాట. తర్వాతి ఆటకు కథానాయకుణ్ణి గీసే ముందు ఒకసారి ఆళ్లగడ్డ రండి. శిల్పులతో ముందు మట్టి నమూనా చేయించండి. ఒకసారి ఇచ్చే కూలితో సరిపెట్టకుండా, ఆట సంపాదించినన్నాళ్లూ వాటా ఇవ్వండి.