17 అంగుళాల అలాయ్ వీల్స్: నంద్యాల, ఆళ్లగడ్డ రోడ్లకు సెట్ అవుతాయా?

నంద్యాల నుంచి ఆళ్లగడ్డకు 40వ నంబర్ జాతీయ రహదారి మీద వెళ్తే పెద్ద అలాయ్ వీల్స్ సూపర్ అనిపిస్తాయి. హైవే దిగితేనే అసలు కథ. కేసీ కెనాల్ కింది పల్లెల్లో ఉన్నది నల్లరేగడి నేల. వానకు ఉబ్బుతుంది, ఎండకు నెర్రెలిస్తుంది. దానిపై వేసిన రోడ్డూ కుంగి గుంతలు పడుతుంది.

స్పోర్టీ లుక్ కోసం కుర్రాళ్లు కొనే ఐ20 ఎన్ లైన్‌నే తీసుకుందాం. కంపెనీ టైరు 195/55 ఆర్16. రిమ్ము అంచు నుంచి రోడ్డు దాకా రబ్బరు ఎత్తు 107 మిల్లీమీటర్లు. 205/45 ఆర్17 వేస్తే అది 92కి పడిపోతుంది. చక్రం మొత్తం ఎత్తు దాదాపు అంతే, స్పీడోమీటర్‌కు ఇబ్బంది లేదు. కానీ గుంతలో దెబ్బ నేరుగా రిమ్ముకే. నాసిరకం అలాయ్ అయితే పగులుతుంది, గాలి పోతుంది, స్టీరింగ్ అదుపు తప్పుతుంది.

చట్టం కూడా ఉంది. అనుమతి లేని మార్పులు చేస్తే ఒక్కోదానికి రూ.5 వేల జరిమానా, 6 నెలల వరకు జైలు లేదా రెండూ. బీమా కంపెనీకి చెప్పకుండా మారిస్తే క్లెయిమ్ దగ్గర పేచీ తప్పకపోవచ్చు.

లుక్కే కావాలంటే 16లోనే ఐఎస్‌ఐ మార్కు ఉన్నవి, బోల్టుల కొలత, ఆఫ్‌సెట్ కలిసేవి చూసుకోవడం బెటర్. మిగిలిన డబ్బు మంచి టైర్లకు పెట్టొచ్చు. వానలో బండి ఆగేది వాటి పట్టుతోనే కదా.