రోగి వెంట నాలుగు అడుగులు

ఉత్తర తెలంగాణమున ఒకరి కొరకు మరియొకరు నడచుట క్రొత్త వాడుక కాదు. ఏటేట పుష్యమాసమున మెస్రం వంశపు గోండులు కేస్లాపూరు నుండి బయలుదేరి, పాదరక్షలు లేకుండ అడవిదారుల నడచి, జన్నారము ప్రాంతమునందలి హస్తినమడుగునకు పోయి, గోదావరి జలమును ఝరిలో నింపుకొని మరల కేస్లాపూరు చేరుదురు. ఆ జలముతోనే అమావాస్యనాడు నాగోబాకు అభిషేకము. ఆ నడక ఏ ఒక్కని మొక్కు కాదు, వంశమంతటిది. ఎందరు నడచిరి, ఎంత దూరము నడచిరి అన్నది అక్కడ ముఖ్యము కాదు. నీరు గుడికి చేరినదా లేదా యన్నదే లెక్క.

ఈ సంగతిని తలచుటకు కారణము, క్యాన్సరు రోగుల పేర నేడు పట్టణములలో సాగుచున్న నడకలు. అక్టోబరు మాసము వచ్చినదనగా హైదరాబాదు కే.బి.ఆర్. పార్కు చెంత గులాబి రంగు దుస్తులతో జనులు గుమిగూడి నడచుట కొన్నేండ్లుగా పరిపాటియైనది. ఆ నడకను నడపిన ఉషాలక్ష్మి రొమ్ము క్యాన్సరు ఫౌండేషను 2007లో ఏర్పడినది. దానిని స్థాపించిన శస్త్రవైద్యుడు డాక్టరు పి. రఘురామ్ తన తల్లి పేరే దానికి పెట్టెను. ఆమెయు వైద్యురాలే, ఆ వ్యాధికి లోనై తేరుకొన్న స్త్రీయే. తమవారికి వచ్చిన కష్టము నుండి పదిమందికి పనికివచ్చు సంస్థ పుట్టుట ఈ వ్యాధి విషయమున తరచుగా జరిగినది. చెల్లెలు క్యాన్సరుతో కన్నుమూసిన దుఃఖమును మరువలేకయే డాక్టరు ముత్తులక్ష్మీ రెడ్డి 1954లో మద్రాసు అడయారున క్యాన్సరు సంస్థను నెలకొల్పిరి. హైదరాబాదున 2000 జూన్ 22న ప్రారంభమైన ఇండో అమెరికన్ క్యాన్సరు ఆస్పత్రికి, ఈ వ్యాధితోనే గతించిన ఎన్.టి. రామారావు సతీమణి బసవతారకము పేరుండుటకును కారణమదే. అంతకు పూర్వమే, 1955లో, నవాబు మెహదీ నవాజ్ జంగ్ చొరవతో వెలసిన ఆస్పత్రి ఎం.ఎన్.జె. అను మూడక్షరములతో బీదవారికందరికి తెలిసియున్నది. అయితే ఆస్పత్రి కట్టుట అందరి వలన అగు పని కాదు. పది రూపాయలిచ్చి మూడు కిలోమీటర్లు నడచుట ఎవరి వలననైనను అగును. నడకకు ఏ గొప్పదనమున్నను అది ఇందులోనే యున్నది.

విద్యార్థులు తప్పక తెలిసికొనదగిన పేరు టెర్రీ ఫాక్స్. కెనడా దేశీయుడు. పదునెనిమిదవ ఏట, 1977లో, ఎముక క్యాన్సరు వలన ఆతని కుడికాలిని మోకాటికి పైగా తీసివేసిరి. ఆస్పత్రిలో తన చుట్టు పడకలపై చూచిన రోగులు, వారిలో పసివారు, ఆతని మనస్సును విడువలేదు. క్యాన్సరు పరిశోధనకు ధనము కూర్చుటకై 1980 ఏప్రిల్ 12న అట్లాంటిక్ తీరమునందలి సెయింట్ జాన్స్ వద్ద బయలుదేరి, ఒక కాలు తనది, ఒక కాలు లోహముతో చేసినది, దినమునకు సుమారు 42 కిలోమీటర్ల చొప్పున పరుగెత్తెను. మొదటి వారములలో రోడ్డుప్రక్క నిలిచి చూచినవారే తక్కువ. ఒంటేరియో చేరునప్పటికి ఊళ్ళకు ఊళ్ళే ఎదురువచ్చినవి. 143 దినములు, 5,373 కిలోమీటర్లు నడచిన ఆ యాత్ర సెప్టెంబరు 1న థండర్ బే సమీపమున ఆగిపోయినది. వ్యాధి ఊపిరితిత్తులకు ప్రాకినది. దేశమున తలకొక డాలరు రావలెనని ఆతడు కోరెను. 1981 ఫిబ్రవరి నాటికి 2 కోట్ల 41 లక్షల డాలర్లు పోగైనవి. ఆనాటి కెనడా జనాభాయు ఇంచుమించు అంతే. ఆ ఏడు జూన్ 28న, ఇరువదిమూడేండ్లు నిండకుండగనే, ఆతడు మరణించెను. తన పరుగును ఏ కంపెనీయు తన సరకు ప్రకటనకు వాడుకొనరాదని ఆతడు పట్టుబట్టెను. జెండాలపై వ్యాపారుల పేర్లు పెద్దవై, రోగుల మాట చిన్నదగుచున్న కొన్ని నడకల నిర్వాహకులు ఈ ఒక్క షరతునైనను చదువుకొనుట మంచిది.

అమెరికాలో టకోమా పట్టణమున 1985లో డాక్టరు గోర్డన్ క్లాట్ క్రీడామైదానము చుట్టు 24 గంటలపాటు నడచుచు, పరుగెత్తుచు 27,000 డాలర్లు సమకూర్చెను. దాని నుండి పుట్టిన నడకలలో రాత్రివేళ గతించినవారి పేర వరుసగా దీపములు వెలిగింతురు. కార్తికమాసమెరిగిన మనవారికి ఇది వింతగా తోచదు.

ఇక నిర్మల్ సంగతి. బొమ్మలకును, వర్ణచిత్రములకును పేరుపడిన ఈ పట్టణము 2016 అక్టోబరు 11 నుండి జిల్లా కేంద్రము. 2023లో ప్రభుత్వ వైద్యకళాశాలయు వచ్చినది. అయినను క్యాన్సరు అను మాట విన్న కుటుంబము చూపు హైదరాబాదు వైపే పోవును. దూరము ఇంచుమించు 200 కిలోమీటర్లు. శస్త్రచికిత్సకును, మందులకును ఆరోగ్యశ్రీ యున్నది. 2007లో మొదలైన ఆ పథకపు పరిమితిని తెలంగాణ ప్రభుత్వము 2023 డిసెంబరులో 10 లక్షల రూపాయలకు పెంచినది. కాని రేడియేషను చికిత్స ఒక పూటతో ముగియునది కాదు. వారమునకైదు దినముల చొప్పున అయిదారు వారములు సాగుట కలదు. అన్ని దినములు రోగి ఎక్కడ తల దాచుకొనవలెను? వెంట వచ్చిన కొడుకు కూలి ఎవరిత్తురు? రైల్వేవారు క్యాన్సరు రోగికిని, తోడు పోవువానికిని టికెట్టులో రాయితీ నిచ్చుచున్నారు. నిర్మల్ పట్టణమునకు రైలే లేదు. 2023 డిసెంబరు 9 నుండి ఆడవారికి ఆర్టీసీ బస్సు ఉచితమైనది. భర్తయే రోగియైనచో భార్యకు మాత్రమే టికెట్టు తప్పును. పథకములలో చేరనివి ఈ చిల్లర ఖర్చులే. చికిత్స నడుమ మానుకొని ఇంటికి తిరిగివచ్చినవారిని అడిగినచో, మందు ధర కంటె ముందు ఈ ఖర్చులే చెప్పుదురు. జిల్లాలో జరుగు నడకకు పని ఇక్కడున్నది. పోగైన సొమ్ము కోట్లు కానక్కరలేదు. నలుగురు రోగులకు ఆరు వారముల గది అద్దెయైనను అది లెక్కకు వచ్చు సాయమే.

రెండవ పని ముందుగా గుర్తించుట. పెద్దలు దీనిని రాచపుండనిరి. పేరు పలుకుటకే భయపడిరి. ఆ భయమునకు సిగ్గు తోడైనది. రొమ్ములో గడ్డను చేతితో తాకి తెలిసికొన్న స్త్రీ దానిని ఇంటివారికి చెప్పక నెలలు గడపుట ఎరుగని ఊరు లేదు. గర్భాశయ ముఖమును పరీక్షించుటకు పెద్ద యంత్రములు కావలెనను తలంపును ముంబై టాటా మెమోరియల్ వైద్యుల ప్రయత్నము చెదరగొట్టినది. పాఠశాల ప్రయోగశాలలో విద్యార్థు లెరిగిన ఆసిటిక్ ఆమ్లమునే నీట పలుచన చేసి పూసిన, అనుమానింపదగిన భాగము తెల్లబడును. 1998లో మొదలుపెట్టి మురికివాడలలో లక్షన్నర మంది స్త్రీలపై సాగించిన ఆ అధ్యయనపు ఫలితము 2013లో వెల్లడియైనది: పరీక్ష జరిగినవారిలో ఆ వ్యాధి మరణములు 31 శాతము తగ్గినవి. పరీక్ష చేసినవారు వైద్యులు కారు. పదవ తరగతి వరకు చదివి, కొన్ని వారముల శిక్షణ పొందిన స్త్రీలు.

మూడవది చిక్కు ప్రశ్న. నిర్మల్, నిజామాబాదు, జగిత్యాల, కరీంనగర్ ప్రాంతములలో వేలకొలది ఇండ్లలో ఆడవారు ఒడిలో చాట పెట్టుకొని బీడీలు చుట్టుచున్నారు. వేసవిలో అడవి నుండి తునికాకు వచ్చును. కార్ఖానా నుండి తంబాకు వచ్చును. వెయ్యి బీడీల లెక్కన కూలి ముట్టును. ఆ కూలితోనే పిల్లల ఫీజులు కట్టిన తల్లులున్నారు. ఆ పిల్లలలో కొందరు నేడు ఉపాధ్యాయులే. బీడీ త్రాగుట నోరు, గొంతు, ఊపిరితిత్తుల క్యాన్సరులకు కారణమనుటలో సందేహము లేదు. కట్టపై భయంకరమైన బొమ్మ అచ్చువేయుటయు, 2016 నుండి దానిని పెద్దది చేయుటయు అందుచేతనే. ఆ కట్ట చుట్టిన చేతులు మాత్రము ఆకలి చేతులు. పొగాకు దుమ్మును దినమంతయు పీల్చునది ఆమెయే. ప్రభుత్వము 2015 నుండి బీడీ కార్మికులకు పింఛను ఇచ్చుట మొదలిడినది. అది ఊరటయే గాని మరియొక వృత్తి కాదు. కాబట్టి పొగాకును ఖండించు అట్టలు పట్టుకొని పిల్లలు బీడీల వాడలో నడచునప్పుడు, ఆ అట్టపై వ్రాసినది అరుగుపై కూర్చున్న ఆమెను దోషిగా నిలుపరాదు. త్రాగువానికి చెప్పవలసినది ఒకటి. చుట్టు ఆమెకు కావలసినది వేరొక పని. కుట్టుపనియో, మరియొకటియో చూపకుండ ఆమె చాటను లాగివేయుమనువారికి ఆ ఇంటి పొయ్యి సంగతి తెలియదనవలెను.

ఉపాధ్యాయులు తమ చేతిలోనున్న చట్టమును ముందు వాడుకొనవచ్చును. 2003 చట్టము ప్రకారము పాఠశాలకు 100 గజముల లోపల పొగాకు సరకు అమ్మరాదు. పదునెనిమిదేండ్లు నిండనివారికి ఎక్కడను అమ్మరాదు. నడక బయలుదేరక పూర్వము పాఠశాల గేటు ఎదుటి డబ్బాను ఒకసారి చూచిరావలెను. కొలుచుటకు టేపు కావలసినచో గణితపు మాస్టరు నడిగిన దొరకును.

నడకకు దినమును వెదకనక్కరలేదు. మేరీ క్యూరీ జన్మదినమగు నవంబరు 7ను మన దేశమున క్యాన్సరు అవగాహన దినముగా పాటించుచున్నారు. రేడియమును కనుగొన్న ఆమె దినమున రేడియేషను కొరకు పోవు రోగికి ఖర్చులు కూర్చుట తగియుండును. అప్పటికి వానలు వెనుకబట్టి, పిల్లలు ఎండకు సొమ్మసిల్లు భయముండదు. బుడగలు, రంగు చొక్కాలు అక్కరలేదు. గెలిచినవారన్నది లేని నడకకు పతకములు దండుగ. ఇచ్చితీరవలెనన్నచో పునికి కర్రతో చేసిన నిర్మల్ బొమ్మ యొకటి ఇచ్చిన, ఆ సొమ్ము ఊరి నకాషీ ఇంటికైనను చేరును. నడకకు వచ్చినవారిలో చికిత్స పొందుచున్నవారుందురు. వారిని వేదిక నెక్కించి మాటలాడించుట కంటె, నీడను కుర్చీ వేసి కూర్చుండబెట్టుట మర్యాద.

నెల తిరుగక మునుపు లెక్కల కాగితము పాఠశాల గోడకు అంటింపవలెను: వచ్చినది ఎంత, గది అద్దెకెంత, బస్సుకెంత, చేతనున్నదెంత. రోగుల పేర్లు అందుండరాదు. కూడికలు తొమ్మిదవ తరగతి విద్యార్థులు చేయవలెను. క్రింద ప్రధానోపాధ్యాయుని సంతకముండవలెను.