చిక్కిన ప్రతివారికిని క్షయ యేనా?



వికారాబాదు ప్రాంతపు క్షయవ్యాధిని గూర్చి గతసంచికలో వెలువడిన వ్యాసము మెచ్చదగినదే; కాని, నిజాము కాలమునాటి అనంతగిరి క్షయ శానిటోరియమును తరతరములుగా చూచుచున్న మా ప్రాంతమువారికి, చిక్కిన ప్రతివానిని క్షయరోగిగా తలంచు అలవాటు ముందే కలదు, దానిని ఆ వ్యాసము మరింత బలపరచినది.

తాండూరులో నాపరాళ్ల పాలిషు పని చేయు మా బంధువొకడు, కందిపప్పుతో కడుపార భుజించుచునే కృశించి, చాచిన వ్రేళ్లపై కాగితముంచినచో అది గడగడ వణకుచుండ, చలికాలమునను చెమటలు గ్రమ్ముచుండ, పలుమారులు కఫపరీక్షలకే పంపబడెను. తుదకు థైరాయిడ్ రక్తపరీక్షలో టీఎస్‌హెచ్ అణగి, టీ4 మిక్కిలి హెచ్చియుండుట తేలినది. క్షయలో సాధారణముగా ఆకలి చచ్చును. థైరాయిడ్ విజృంభించినచో తరచు ఆకలి హెచ్చుచుండగనే ఒడలు కరగును.

1835లో రాబర్ట్ గ్రేవ్స్ వర్ణించిన వ్యాధియే ఈ విజృంభణకు ప్రధానకారణము. అయినను, గ్రంథి వాచి, నిలువయున్న హార్మోను కొన్నాళ్లు రక్తమున పొంగుటయు కలదు. దానికి, హార్మోను ఉత్పత్తిని తగ్గించు కార్బిమజోల్ మాత్ర నిష్ప్రయోజనము గనుక, యాంటీబాడీలనో స్కానింగునో చూచి నిర్ణయించుట మేలు. ప్రొప్రనొలోల్ గుండెదడను అణచునే కాని వ్యాధిని మాన్పదు. గ్రేవ్స్ వ్యాధికి కార్బిమజోల్ సాధారణముగా 12 మొదలు 18 నెలల వరకు వాడుదురు. ఆ నడుమ జ్వరమును గొంతునొప్పియు వచ్చినచో మాత్ర నిలిపి, ఆనాడే తెల్లకణముల లెక్క చూపించుకొనవలెను. మా బంధువునకు ఈ మాట చెప్పినవాడు వైద్యుడు కాడు, మందుల దుకాణపు కుఱ్ఱవాడు!

ఇట్లు,
తాండూరు పాఠకుడు