సైకిలు మీంచి పడ్డాక

సైకిలు మీంచి పడిన మనిషి లేస్తూనే మొదట చూసుకునేది తన ఒళ్ళు కాదు, సైకిలు. హాండిల్ వంకరపోయిందా, చక్రం తిరుగుతోందా అని చూస్తాడు. ముందు చక్రాన్ని రెండు కాళ్ళ మధ్య ఇరికించి హాండిల్ సరిచేసుకుంటాడు. మూగిన జనంతో "ఏం ఫర్వాలేదండీ" అనేసి, చొక్కా దులుపుకుని వెళ్ళిపోతాడు. నెత్తురు కారుతూ పడి ఉన్నవాణ్ణి నలుగురూ పట్టించుకుంటారు, ఏదో ఒక ఆసుపత్రికి చేరుస్తారు. ఇలా లేచి వెళ్ళిపోయినవాడి సంగతి ఎవరికీ పట్టదు. ఈ వారం ముఖ్యంగా అతని గురించే చెప్పుకుందాం. దెబ్బ తగిలిన కంగారులో చాలాసేపు నొప్పి తెలియదు. అంతమాత్రాన దెబ్బ లేదని కాదు.

పడగానే చటుక్కున లేవకూడదు. వెనక వాహనాలు వస్తుంటే రోడ్డు అంచుకు జరగాలి, అక్కడ అయిదు నిమిషాలు కూర్చోవాలి. మెడ నొప్పిగా ఉన్నా, చేతులు కాళ్ళు తిమ్మిరెక్కినా, కదలకపోయినా లేచే ప్రయత్నం అసలు చెయ్యవద్దు. చుట్టూ చేరినవారికి కూడా ఒక మనవి. స్పృహ తప్పినవాణ్ణి రెక్కలు పట్టి లేపి కూర్చోబెట్టటం, మొహాన నీళ్ళు కొట్టటం, నోట్లో సోడా పొయ్యటం మనకు అలవాటు. ఆ సోడా ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. విరిగిన మెడ ఎముక ఆ కుదుపుకి వెన్నుపామును నొక్కితే మనిషి జన్మంతా మంచానికే పరిమితం కావచ్చు. తల, మెడ, నడుము ఒకే పలకలాగా ఉంచి, 108కి గాని 112కి గాని ఫోన్ చెయ్యండి. వాంతి అవుతుంటే మాత్రం, తలను పట్టుకుని మనిషినంతా ఒకేసారి పక్కకు తిప్పాలి. రక్తం కారేచోట శుభ్రమైన గుడ్డ పెట్టి గట్టిగా అదమండి. ఆగిందా లేదా అని నిమిషానికోసారి తీసి చూడకుండా పది నిమిషాలు అలాగే పట్టుకోండి. ఒంట్లో గుచ్చుకున్న వస్తువును మీరు పీకవద్దు.

ఇక తల సంగతి. కణత దగ్గర పుర్రె ఎముక పలచగా ఉంటుంది. దాని లోపలివైపునే ఒక రక్తనాళం పోతుంది. అక్కడ దెబ్బ తగిలి ఎముక చిట్లితే ఆ నాళం తెగి, పుర్రెకూ మెదడు పైపొరకూ మధ్య రక్తం చేరుతుంది. దీనిలో తమాషా ఏమిటంటే (తమాషా అనకూడదు గాని), దెబ్బ తగిలినప్పుడు కాసేపు స్పృహ తప్పినవాడు తేరుకుని, ఇంటికొచ్చి, అన్నం తిని, అందరితో మామూలుగా మాట్లాడతాడు. కొన్ని గంటల తర్వాత తలనొప్పి ఎక్కువవుతుంది, మత్తుగా పడుకుంటాడు, ఇక లేపినా లేవడు. సమయానికి స్కానింగు తీసి, ఆపరేషన్ చేసి ఆ రక్తం తీసేస్తే మళ్ళీ మామూలు మనిషి కాగలడు. సమయం మించితే ఎవరూ చెయ్యగలిగింది లేదు.

అందువల్ల తలకు దెబ్బ తగిలినవారిని కనీసం ఇరవై నాలుగు గంటలు ఒంటరిగా వదలకూడదు. ఒక్క క్షణం స్పృహ తప్పినా, పడినప్పుడు ఏం జరిగిందో గుర్తులేకపోయినా ఆ రోజే డాక్టరుకు చూపించాలి. పదేపదే వాంతులు, ఎక్కువవుతున్న తలనొప్పి, తికమక మాటలు, ఫిట్లు, ఒక చెయ్యో కాలో బలహీనపడటం, కంటిపాపల్లో ఒకటి పెద్దదిగా ఒకటి చిన్నదిగా ఉండటం, ముక్కులోంచో చెవిలోంచో నీళ్ళలాంటి ద్రవం కారటం - వీటిలో ఏ ఒక్కటి కనిపించినా అర్ధరాత్రయినా సరే బయలుదేరాలి. "నిద్ర పోనివ్వకూడదు" అని పెద్దవాళ్ళు అంటారు. వాళ్ళ భయం న్యాయమైనదే గాని, తెల్లవార్లూ మేలుకోబెట్టనక్కర్లేదు. రెండు గంటలకోసారి లేపి పేరు, ఊరు అడగండి. సరిగా చెబితే మళ్ళీ పడుకోనివ్వండి. ఆస్పిరిన్, బ్రూఫెన్ లాంటి బిళ్ళలు రక్తస్రావాన్ని పెంచవచ్చు కాబట్టి సొంతంగా వెయ్యవద్దు. గుండెజబ్బుకు రక్తం పలచబడే మందు వాడే పెద్దవారు దెబ్బ చిన్నదే అనిపించినా చూపించుకోవాలి. వారిలో రక్తం మెల్లగా చేరి, రెండు మూడు వారాల తర్వాత నడక తూలటం, మతిమరుపు మొదలు కావచ్చు. అప్పుడు ఇంట్లోవాళ్ళు "వయసు మీద పడింది" అనుకుంటారే గాని, ఎప్పుడో సైకిలు మీంచి పడిన సంగతి ఎవరికీ గుర్తుండదు. ఇంకొక్క మాట. నోట్లో సారా వాసన వస్తోందని "తాగి పడ్డాడు, మత్తు దిగితే లేస్తాడు" అని వదిలెయ్యటం చాలా ప్రమాదం. తాగినవాడి తల కూడా పగులుతుంది.

పిల్లల విషయంలో తలతోపాటు పొట్ట కూడా చూడాలి. పడేటప్పుడు హాండిల్ చివర పొట్టలో పొడుచుకుంటుంది. పైన కనిపించేది రూపాయి బిళ్ళంత కమిలిన గుర్తు మాత్రమే. లోపల కాలేయం, ప్లీహం, క్లోమం, పేగు వీటిలో ఏదైనా చిట్లి ఉండవచ్చు. "చెబితే మళ్ళీ సైకిలు ముట్టుకోనివ్వరు" అన్న భయంతో పిల్లవాడు చెప్పడు. అందుకే తల్లులకు నేను చెప్పేది - ముందు తిట్టకండి, చొక్కా విప్పి చూడండి. పొట్టనొప్పి, వాంతులు, మొహం పాలిపోవటం, మూత్రంలో రక్తం, ఎడమ భుజంలో కారణం తెలియని నొప్పి ఉంటే పిల్లవాడికి ఏమీ తినిపించకుండా ఆసుపత్రికి తీసుకువెళ్ళండి.

కారియర్ మీద కూర్చున్న చంటివాడి కాలు చక్రం పుల్లల్లో పడటం మన ఊళ్ళలో ఇప్పటికీ జరుగుతోంది. మడమ దగ్గర చర్మం కొద్దిగా గీరుకుపోయినట్టే ఉంటుంది. నిజానికి ఆ చర్మం నలిగిపోయి ఉంటుంది, రెండు మూడు రోజుల్లో నల్లబడి కుళ్ళవచ్చు. మొదటి రోజు చూసి "గీతే కదా" అనుకోకుండా ఎక్స్‌రే తీయించి, కాలు ఎత్తులో పెట్టి, రోజూ డాక్టరు చేత చూపించుకోవాలి.

అరచెయ్యి ఆనించి పడితే బొటనవేలి మొదట్లో, మణికట్టు గుంట దగ్గర నొప్పి వస్తుంది. అక్కడి చిన్న ఎముక విరిగినా మొదటి ఎక్స్‌రేలో కనిపించకపోవచ్చు. నొప్పి తగ్గకపోతే పది పన్నెండు రోజుల తర్వాత మళ్ళీ తీయించాలి. పుత్తూరు కట్టు మంచిదా, ఆసుపత్రి పిండికట్టు మంచిదా అన్న వాదన ఇక్కడ పెట్టుకోను. ఎక్స్‌రే లేకుండా ఏ కట్టూ వద్దు. ఏ కట్టు కట్టినా వేళ్ళు నీలంగా మారినా, మొద్దుబారినా, నొప్పి భరించలేకపోయినా వెంటనే దాన్ని వదులు చేయించాలి.

గీరుకుపోయిన గాయాలను కుళాయి నీళ్ళ కింద సబ్బుతో, ఇసుక పోయేదాకా కడగండి. కాఫీ పొడి, సున్నం, పేడ దగ్గరికి రానీయవద్దు. మట్టి అంటిన గాయమైతే, ధనుర్వాతం ఇంజెక్షన్ చేయించుకుని అయిదేళ్ళు దాటి ఉంటే మళ్ళీ చేయించుకోవాలి.

చివరగా ఆరోగ్యం కాకపోయినా దానికి దగ్గరి విషయం. మోటారు బండి గుద్దితే నంబరు రాసుకోండి. అయిదు వందలు చేతిలో పెట్టి "అయిపోయింది కదా" అంటే, అక్కడికక్కడ రాజీ పడవద్దు, నొప్పి సాయంత్రం మొదలవుతుంది. గాయపడినవారిని ఆసుపత్రిలో చేర్చినవారికి పోలీసులతో చిక్కులొస్తాయన్న భయం ఇప్పుడు అక్కర్లేదు. 2016లో సుప్రీంకోర్టు, 2019లో మోటారు వాహనాల చట్ట సవరణ వారికి రక్షణ కల్పించాయి. పేరు చెప్పమని కూడా బలవంతం చెయ్యకూడదు. 2025లో వచ్చిన కేంద్ర పథకం ప్రకారం, మోటారు వాహన ప్రమాదాల్లో గాయపడినవారికి మొదటి ఏడు రోజులు లక్షన్నర రూపాయల దాకా నగదు కట్టకుండా ఆ పథకంలో చేరిన ఆసుపత్రుల్లో వైద్యం జరుగుతుంది. సైకిలు మీద వెళ్ళేవారికీ ఇది వర్తిస్తుంది. గుద్దిన బండి ఏదో తెలియకపోయినా, 2022 ఏప్రిల్ 1 తర్వాత జరిగిన ప్రమాదాలకు తీవ్ర గాయమైతే 50 వేలు, ప్రాణం పోతే వారసులకు 2 లక్షలు పరిహారం ఉంది. వీటికి ఆసుపత్రి కాగితాలు కావాలి కాబట్టి, చీటీ రాయించుకునేటప్పుడు "కింద పడ్డాను" అని ఊరుకోకుండా, ఏ బండి, ఎక్కడ, ఎన్ని గంటలకు గుద్దిందో డాక్టరుకు చెప్పి రాయించండి.