లండన్ వాన, అనంతపురం వాన

మన దేశంలో అతి తక్కువ వాన పడే జిల్లా ఏది? జైసల్మేర్. ఆ తర్వాత? క్విజ్ పోటీలో ఈ ప్రశ్న అడిగితే ఐదో తరగతి పిల్లాడు కూడా తడుముకోకుండా ‘అనంతపురం’ అనేస్తాడు. మార్కు పడుతుంది, చప్పట్లూ పడతాయి.

ఒక్కసారి లెక్క చూడండి. జైసల్మేర్‌లో ఏడాది మొత్తమ్మీద కురిసేది 200 మిల్లీమీటర్ల లోపు. ఆ చుట్టుపక్కలే ఉన్న బాడ్‌మేర్, బికనేర్‌లలో 300 లోపు. మరి ఉమ్మడి అనంతపురం జిల్లా సగటు? సుమారు 550! (లద్దాఖ్‌లోని లేహ్‌ను కూడా లెక్కలోకి తెస్తే అసలు మొదటి జవాబే తప్పు.)

ఇంకో తమాషా. గొడుగు లేనిదే గడప దాటరని పేరున్న లండన్‌లో ఏడాదికి పడేది సుమారు 600 మిల్లీమీటర్లు. అంటే మనకూ వాళ్లకూ తేడా రెండంగుళాలు. అయినా లండన్‌లో ఎవరూ వాన కోసం గాడిదలకు పెళ్లి చేయరు. మన పల్లెల్లో చేస్తారు. పాపం, వాటి జాతకాలు ఎవరు చూస్తారో! 2000 తర్వాతి సంవత్సరాల్లో విమానాలెక్కి మబ్బుల మీద రసాయనాలు చల్లే మేఘమథనమూ చేశారు.

కిటుకు వాన ఎంతన్న దాంట్లో లేదు, ఎప్పుడన్న దాంట్లో ఉంది. లండన్ వాన నెలజీతంలా వస్తుంది. చల్లటి ఊరు కనుక వచ్చింది త్వరగా ఆవిరైపోదు. మనది లాటరీ టికెట్టు. నైరుతి మబ్బులు పడమటి కనుమల అవతలే బరువు దించేసుకుంటాయి. ఈశాన్యం మబ్బులు కోస్తాలో ఖర్చయిపోయి చిల్లరతో ఇటొస్తాయి.

ఇప్పుడో పొడుపుకథ. చెట్టుకు పూస్తుంది, మట్టిలో కాస్తుంది. ఏమిటది? శెనక్కాయ. పసుప్పచ్చటి పువ్వు వాడిపోయాక దాని మొదట్లోంచి సన్నటి కాడ ఒకటి కిందికి వంగి నేలలోకి దిగుతుంది. దాన్నే ఊడ అంటారు. కదిరి దగ్గర ఐదెకరాల మేర పరుచుకుని 1989లో గిన్నిస్ పుస్తకానికెక్కిన తిమ్మమ్మ మర్రిమానుకు ఉన్నవీ ఊడలే, ఈ జానెడు మొక్కకు ఉన్నవీ ఊడలే. మర్రి ఊడకు తొందరేమీ లేదు. శెనక్కాయ ఊడకు మాత్రం కొద్దిరోజులే గడువు. ఆ రోజుల్లో ఎర్రనేల ఎండి గట్టిపడిందా, ఊడ దిగలేక పైనే వాడిపోతుంది. చూడబోతే చేను పచ్చగానే ఉంటుంది, పీకితే కాయ ఉండదు. ఆ తర్వాత అక్టోబరులో కుండపోత కురిసినా సగటు నిండుతుందే గానీ గాదె నిండదు.

జూన్ చివర్లోనో జూలైలోనో విత్తితే ఆ గడువు ఆగస్టు, సెప్టెంబరు మొదట్లో పడుతుంది. కార్తెల్లో చెప్పాలంటే మఖ, పుబ్బ. ‘మఖ పుబ్బలు వరుపైతే మీ అన్న సేద్యం, నా సేద్యం మన్నే’ అన్నారు పెద్దలు. వరుపంటే వానలు ఎగ్గొట్టిన కాలం. ఏ పుస్తకమూ చదవని రైతు చెప్పిన మాట ఇది. కార్తెలు సూర్యుణ్ని బట్టి నడుస్తాయి కనుక ఏటా దాదాపు అవే తేదీలు. పంచాంగం అక్కర్లేదు, గోడ మీది క్యాలెండర్ చాలు.

పుబ్బ వెళ్లాక సెప్టెంబరు 13 ప్రాంతంలో ఉత్తర కార్తె. ‘ఉత్తర చూసి ఎత్తర గంప’ అని సామెత. అప్పటికీ వాన లేకపోతే సామాను నెత్తినెత్తుకుని ఊరు వదలమని అర్థం. పిల్లలకు గంపంటే బుట్ట అని చెప్పి ఊరుకుంటాం. అందులో ఏం పెట్టుకుంటారో కూడా చెప్పాలి. నాలుగు వంటగిన్నెలు, రెండు దుప్పట్లు, ఓ చిన్న మూట రాగిపిండి. ఇప్పుడు గంప పోయి ప్లాస్టిక్ సంచీ వచ్చింది. అది బెంగళూరు బస్సెక్కుతుంది. ఊళ్లో ముసలివాళ్లూ, బడికెళ్లే పిల్లలూ మిగులుతారు.

ఈసారి పరీక్షలో ఆ ప్రశ్న వస్తే పిల్లల మార్కు పోగొట్టకండి. పుస్తకంలో ఉన్నట్టు అనంతపురమనే రాయమనండి. ఇంటికొచ్చాక లండన్ లెక్క చెప్పండి.