కుక్కకు మందు పెట్టుమంటున్నరు... ఏ మందు పెట్టాలె?



ఈసారి పంట ముచ్చట కాదు, కుక్క ముచ్చట. "నీకేం పని లేదా" అనకండి. బాయికాడ కుక్క లేని రైతులు మనలో ఎంతమంది ఉన్నరు? పల్లి చేన్ల అడవిపందులు పడితే మొదలు లేచేది మనం కాదు, అది. మోటరు కాడికి రాత్రి ఎవరన్న వచ్చినా మొదలు మొరిగేది అదే.

మన దిక్కు "కుక్కకు మందు పెట్టిండ్రు" అంటే అర్థం ఒక్కటే, చంపిండ్రు అని. పట్నంల కుక్కకు మందు అంటే వేరే. దాని కోపం, భయం తగ్గేతందుకు గోలీలు ఇస్తున్నరు అని. మాట ఒకటే, అర్థాలు రెండు. పోయిన ఏడాది ఈ రెండు మందులూ ఒకే వారంల మా వాకిట్లకు వచ్చినయి. అందుకే రాస్తున్న.

మా టైగర్ ను గొర్ల కాపరి దగ్గర పిల్లగా ఉన్నప్పుడు తెచ్చుకున్న. నాలుగేండ్లు చెల్కల కావలి ఉన్నది. ఎండాకాలం పంట లేదు కదా అని ఇంటికి తీసుకొచ్చిన. బండ్ల ఎంబడి పడుతున్నదని వేప చెట్టుకు గొలుసుతో కట్టేసిన. పొద్దున కట్టేస్తే మళ్ల పొద్దున దాకా అట్లనే. వచ్చేటోళ్ల మీదికి ఎగురుడు మొదలుపెట్టింది. బువ్వ పెట్టబోతే మా ఇంటామె మీద కూడా గుర్రుమన్నది. నేనేం చేసిన? కట్టె తీసుకొని నాలుగు తగిలిచ్చిన. భయం ఉంటే నోరు మూసుకుంటదనుకున్న.

ఒకనాడు పక్కింటి పిల్లగాడు, ఎనిమిదేండ్లోడు, బంతి కోసం వాకిట్లకు వచ్చిండు. వానికి టైగర్ కొత్త కాదు. ఎప్పటిలెక్కనే తల మీద చెయ్యి పెట్టిండు. పిక్క పట్టుకున్నది.

పిల్లగాన్ని నల్లా కింద నిలబెట్టి, సబ్బు పెట్టి పావుగంట సేపు కడిగినం. పసుపు, కారం, సున్నం ఏవీ పెట్టనియ్యలే. అటునుంచి అటే దవాఖానకు తీసుకపోయినం. ఆ రోజు సూది, మూడో రోజు, ఏడో రోజు, ఇరవై ఎనిమిదో రోజు సూదులు. రక్తం వచ్చిన గాయం కాబట్టి గాయంల ఇచ్చే మందు వేరే ఇచ్చిండ్రు. ఆ పిల్లగాని తల్లి నాకు వరుసకు చెల్లె అయితది. ఆటోల కూసున్నంక ఒక్కటే మాట అన్నది: "అన్నా, బర్రెకు టీకా ఏపిస్తవు, గొర్రెకు ఏపిస్తవు, దీనికెందుకు ఏపియ్యలేవు?"

నా దగ్గర జవాబు లేదు. నాలుగేండ్లల టైగర్ కు ఒక్కసారి కూడా పిచ్చికుక్క టీకా వేయించలే. తప్పు కుక్కది అనేముందు నాది అని ఒప్పుకోవాలె.

ఆ రాత్రి మా అరుగు మీద పంచాయితి. మూడు సలహాలు వచ్చినయి, మూడూ మందులే.

ఒకాయన అన్నడు: "గుళికలు కలిపిన మాంసం ముక్క వెయ్యి. తెల్లారేసరికి ఖతం." ఇంకొకాయన: "కల్లు తాపియ్యి, పండుకుంటది." మా చిన్నోడు హైదరాబాదు నుంచి ఫోన్ చేసి చెప్పిండు: "బాపూ, మా ఓనరు కుక్కకు కోపం తగ్గే గోలీలు వాడుతున్నరు. మంచిగుంది. చీటీ ఫోటో పంపుతా, మెడికల్ షాపుల తీసుకో."

ఒక్కొక్కటి మాట్లాడుకుందాం.

మొదటి మందు, గుళికలు. గుళికలంటే మనకు ఫోరేటే యాదికొస్తది. దాన్ని దేశంల 2020 డిసెంబరు ఆఖరుతోనే బంద్ చేసిండ్రు. ఎందుకు బంద్ చేసిండ్రో మందు కొట్టిన మనకు చెప్పనక్కర లేదు. ఆ ముక్క మనం అనుకున్న కుక్కే తింటదని ఏం గ్యారంటీ? పక్కోని కుక్క తింటది, పిల్లి తింటది. చచ్చిన కుక్కను తిన్న కాకులు చస్తయి. ఇంకొక మాట. కరిచిన కుక్కను పది రోజులు కట్టేసి చూడుమంటరు డాక్టర్లు. పది రోజులు అది మంచిగుంటే, కరిచిన నాడు దాని ఉమ్ముల పిచ్చి రోగం లేనట్టు. అదే రాత్రి మందు పెట్టి గుంత తీసి పూడిస్తే ఆ సంగతి ఎట్ల తెలుస్తది? పిల్లగాని తల్లిదండ్రులకు నెల రోజులు నిద్ర ఉండది. (పది రోజులు చూద్దామని పిల్లగాని సూదులు మాత్రం ఆపొద్దు. అవి అదే రోజు మొదలుపెట్టాల్సిందే.)

రెండోది కల్లు. పాలమూరోళ్లకు, నల్లగొండోళ్లకు కల్తీ కల్లు గురించి నేను చెప్పాల్నా? ఆల్ప్రజోలం, డైజిపాం, క్లోరల్ హైడ్రేట్ కలిపిన నీళ్లను కల్లని అమ్మితే తాగి, అలవాటైనోళ్లు 2015 సెప్టెంబరుల ఆ కల్తీ ఒక్కసారి బందయితే ఏమైండ్రు? చేతులు వణికి, పిచ్చిపిచ్చిగ మాట్లాడుకుంట దవాఖానల పొంటి పడ్డరు. ఎర్రగడ్డ దాకా పోయినోళ్లు ఉన్నరు. మనిషికే అట్లయితే కుక్క సంగతేంది? ఆల్ప్రజోలం కుక్కలకు కూడా వాడే మందే, పటాకుల చప్పుడుకు వణికే కుక్కలకు డాక్టరు లెక్క ప్రకారం ఇస్తడు. కానీ కొన్ని కుక్కలకు అది పడితే భయం పోయి ఇంకింత మీదికి వస్తయి. సీసాల ఎంత కలిసిందో అమ్మినోనికే తెల్వది. అది కుక్కకు పోసుడు మందు కాదు, జూదం.

మూడోది మా చిన్నోడు చెప్పిన గోలీలు. దీని మీదే మన ఊర్లల్ల నవ్వుతరు. "కుక్కకు మానసిక రోగమా? అన్నం ఎక్కువై" అంటరు. నేను కూడా నవ్విన. కానీ ఇది ఉత్త ముచ్చట కాదు. మనుషులకు దిగులు జబ్బుకు ఇచ్చే ఫ్లూఆక్సిటిన్ ను, యజమాని లేకపోతే ఇల్లు పీకి పందిరేసే కుక్కల కోసం అమెరికాల 2007ల ఒప్పుకున్నరు. అంతకు ముందే 1998ల క్లోమిప్రమిన్ ను ఒప్పుకున్నరు. అయితే ఒప్పుకున్నప్పుడే ఒక షరతు ఉన్నది: దానితో పాటు కుక్కకు నడవడిక నేర్పాలె. గోలీ ఒక్కటే ఇచ్చి ఊకుంటే కాదు. ఇంకా, ఈ గోలీ ఇయ్యాల వేస్తే రేపు పనిచేసేది కాదు, వారాలు పడుతది.

చీటీ ఫోటో తీసుకొని మెడికల్ షాపుకు పోకుండ, పదకొండో రోజు టైగర్ మూతికి గుడ్డ కట్టి పశువుల దవాఖానకు తీసుకపోయిన. డాక్టరు గోలీల ముచ్చట మొదలే మాట్లాడలే. నన్నే అడిగిండు. ఎప్పటి నుంచి కరుస్తున్నది? ఎన్ని గంటలు కట్టేస్తవు? కొడుతవా? ఎక్కడ ముట్టుకుంటే గుర్రుమంటది? తర్వాత ఎడమ చెవి మలిపి నాకు చూపిచ్చిండు. లోపల చీము. చెవి మడతల గోమార్లు గుత్తులు గుత్తులు. నెలల సంది ఆ నొప్పి మోస్తున్నది. నేను కట్టెతో కొట్టింది ఆ తల మీదనే. పిల్లగాడు చెయ్యి పెట్టింది ఆ చెవి మీదనే.

నాకు మాట రాలే.

మన ఎద్దు తన్నితే కాలు చూస్తం, గిట్ట చూస్తం, మెడ మీద కాడి పుండు పడిందా అని చూస్తం. బర్రె పాలు ఎగ్గొడితే పొదుగు చూస్తం. కుక్క కరిస్తే మాత్రం కట్టె చూస్తం, లేకపోతే గుళికల పొట్లం చూస్తం. ఎందుకు?

డాక్టరు చెవి కడిగి మందు రాసి ఇచ్చిండు, గోమార్లకు ఇచ్చిండు, పిచ్చికుక్క టీకా వేసిండు. కోపం తగ్గే గోలీల గురించి నేనే అడిగిన. ఆయన చెప్పిన దాని సారం ఇది: కొన్ని కుక్కలకు అవి కావాలె, భయం వాటి ఒంట్లనే పాతుకపోతది, అట్లాంటి వాటికి గోలీ ఇస్తేనే నేర్పింది తలకెక్కుతది. కానీ ముందు నొప్పి ఉన్నదా చూడాలె, తర్వాత అది బతికే తీరు చూడాలె, ఆ తర్వాతనే గోలీ. నొప్పితో కరిచే కుక్కకు కోపం తగ్గే గోలీ వేస్తే నొప్పి అట్లనే ఉంటది. మత్తు మందు ఇస్తే ఒళ్లు కదలది కానీ లోపల భయం పోదు. మనం ఒళ్లు నొప్పులకు వేసుకునే డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ గోలీలు కుక్కకు వెయ్యొద్దని గూడ చెప్పిండు. కడుపుల పుండ్లు పడుతయి, కిడ్నీలు పోతయి.

ఒక్క సంగతి మాత్రం అందరు గుర్తు పెట్టుకోవాలె. మంచిగున్న కుక్క ఉన్నట్టుండి మారితే, చొంగ కార్చుకుంట, గొంతు మారి, నీళ్లు మింగలేక, కనపడ్డదాన్నల్లా కరుస్తుంటే అది నడవడిక కాదు, రేబిస్. దానికి గోలీ లేదు, సూది లేదు. లక్షణాలు బయటపడ్డంక కుక్కకైనా మనిషికైనా దాదాపు చావే. దగ్గరికి పోవద్దు. పంచాయతీకి, పశువుల డాక్టరుకు చెప్పాలె. దీనికి పనిచేసేది ముందే వేసే టీకా ఒక్కటే.

ఇగ ఊరకుక్కల సంగతి. ఇక్కడ నా మీద కొందరికి కోపం వస్తది. రానియ్యండి.

2024 ఫిబ్రవరిల మన పాలమూరు జిల్లా అడ్డాకుల మండలం పొన్నకల్ల రాత్రిపూట తుపాకితో 20 కుక్కలను కాల్చి చంపిండ్రు. పెంపుడు కుక్క మీద ఊరకుక్కలు పడ్డయన్న కక్షతోనే చేసిండ్రని పోలీసులు తేల్చిండ్రు. కుక్క మీద ప్రేమతోనే కుక్కలను చంపిండ్రన్నట్టు! 2026 జనవరిల హనుమకొండ జిల్లా శాయంపేట, ఆరెపల్లిల దాదాపు 300 కుక్కలకు విషం పెట్టి చంపిండ్రని ఫిర్యాదు అయితే సర్పంచుల మీద గూడ కేసులు పడ్డయి.

గొర్ల మందల పది పిల్లలను కుక్కలు చీరేస్తే ఆ కాపరి కడుపుమంట నాకు తెల్వదా? పిల్లగాన్ని కరిచిన ఇంటి ముందర నిలబడినోన్ని నేను. ఆ కోపం న్యాయమైనదే. కానీ కోపం న్యాయమైతే మందు సరైనదని కాదు. చంపిన ఊర్లె కుక్కలు లేకుండ పోతయా? ఎంగిలి, కోళ్ల దుకాణం చెత్త అట్లనే ఉంటే పక్కూరి కుక్కలు వస్తయి. వచ్చేవి టీకా లేనివి. ఊర్లె నూటికి 70 కుక్కలకు టీకా పడితే రేబిస్ ఆగుతదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తున్నది. 2023 రూల్స్ ప్రకారం పట్టి, ఆపరేషన్ చేసి, టీకా వేసి, తెచ్చిన కాడనే విడవాలె. అది చేపియ్యాల్సింది పంచాయతీ, సర్కారు. ఓట్లకు వచ్చినప్పుడు "కుక్కలు లేని ఊరు చేస్త" అనేటోన్ని "ఆపరేషన్లకు పైసలు ఎక్కడికెల్లి తెస్తవు, ఎన్ని టీకాలు ఏపిస్తవు" అని అడగాల్సింది మనం. చంపితే మాత్రం కొత్త చట్టం 325 సెక్షను కింద ఐదేండ్ల దాకా జైలు. ఆ కేసుల కోర్టు చుట్టూ తిరిగేది మనమే, సలహా ఇచ్చినోడు రాడు.

అందుకే నా మాట ఇది. కుక్కకు మందు వద్దు అనను. కావాలె. కానీ వరుస ఉండాలె. మొదలు టీకా. తర్వాత నొప్పి, పుండు, గోమార్లు చూపిచ్చుడు. తర్వాత గొలుసు, కట్టె తగ్గిచ్చుడు. వీటికి లొంగకపోతే అప్పుడు డాక్టరు రాసిన గోలీ, అది గూడ ఆయన చెప్పినన్ని రోజులు. నడుమల ఆపొద్దు, ఇంకొకరి చీటీ చూసి కొనొద్దు. జులై 6న జూనోసిస్ దినం నాడు చాలా పశువుల దవాఖానలల్ల పిచ్చికుక్క టీకా ఉట్టిగనే వేస్తరు. ఆ తారీఖు కేలండర్ల గుండు సున్న పెట్టుకోండి.

టైగర్ ఇప్పుడెట్లున్నదంటరా? చెవి మూడు వారాలల్ల మానింది. గొలుసు తీసి, రెండు గుంజల నడుమ తీగ కట్టి దాని మీద తాడు జారేటట్టు చేసిన. పొద్దున, సాయంత్రం నాతో బాయికాడికి వస్తది. మా ఇంటామె మీద గుర్రుమనుడు బందయింది. పూర్తిగ మారిందని అబద్ధం చెప్ప. పిల్లలు వాకిట్లకు వస్తే ఇప్పటికీ చెవులు వెనక్కి వేస్తది. అందుకే పిల్లలున్నప్పుడు కట్టేస్తనే ఉన్న. దానికి గోలీలు పడలే. రేపు అవసరమైతే ఏపిస్త, ఎవరు నవ్వినా సరే.

పిల్లగాని గాయం మానింది. కానీ వాడు మా వాకిలి ముందటి నుంచి పోతలేడు. బడికి వెనక గల్లీల నుంచి సుట్టు తిరిగి పోతున్నడు. రోజు పొద్దున అరుగు మీద కూసొని చూస్త. దానికి మాత్రం ఏ దవాఖానల మందు లేదు. నేను ముందే ఒక్క టీకా వేయించి, ఒక్కసారి ఆ చెవి మలిపి చూసి ఉంటే వాడు ఇయ్యాల గూడ మా వాకిట్ల ఆడుకునేటోడు.

ఇయ్యాల బాయికాడికి పోయినప్పుడు మీ కుక్క చెవులు మలిపి చూడండి. ఏం కనపడ్డదో కింద రాయండి.